ఒప్పుకున్నవి ఎక్కువ, ఉన్న గంటలు తక్కువ: స్వచ్ఛంద సంస్థ నడిపేవాళ్లు ముందే లెక్క వేసుకోవడం ఎలా?

కార్యదర్శి_డెస్క్ (ప్రశ్న)

నమస్కారం అండి. పది పన్నెండు మంది సిబ్బంది, మూడు నాలుగు ప్రాజెక్టులు, ఐదారుగురు డోనర్లు ఉండే సంస్థల గురించి అడుగుతున్నాను. ఈ సైజులో ప్రపోజల్ రాసేదీ, బోర్డుకు జవాబు చెప్పేదీ, సిబ్బందిలో ఇద్దరికి పడకపోతే కూర్చోబెట్టి మాట్లాడేదీ అన్నీ ఒకే మనిషి. డైరెక్టరో, సెక్రటరీయో. వీటిపైన నెట్‌వర్క్ కమిటీలు, ప్యానెళ్లు, ఇంటర్న్‌లు, "ఒక్క గంట వచ్చి మాట్లాడితే చాలండి" అనే ఆహ్వానాలు. ఏదీ పనికిరానిది కాదు, ప్రతిదాని వెనకా ఒక మంచి కారణం ఉంటుంది. అందుకే కాదనలేం. అలా అన్నీ పేరుకుపోతాయి.

పొద్దున్నే లేవడం, లిస్టు రాసుకోవడం లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేద్దాం. కొత్త పని ఒప్పుకునేముందు అసలు చేతిలో ఎన్ని గంటలున్నాయో లెక్క కట్టే పద్ధతి ఉందా? ఒక పని ఎంత టైమ్ తింటుందో ముందే ఎలా అంచనా వేయాలి? డోనర్‌కో, బోర్డు ఛైర్మన్‌కో కాదని చెప్పాల్సి వస్తే సంబంధం చెడకుండా ఏమనాలి? ఇప్పటికే నెత్తిన వేసుకున్న వాటిలోంచి మర్యాదగా బయటపడటం ఎలా? తెలిసినవాళ్లు అంకెలతో సహా చెప్తే మేలు.

గంటల_లెక్క

మొదటి రెండు ప్రశ్నలకు నేను రాస్తాను.

లెక్క ఏడాదికి వేయండి. వారానికి వేస్తే తప్పుతుంది, ఎందుకంటే ఆడిట్, బోర్డు కాగితాలు, వార్షిక నివేదిక మామూలు వారంలో కనిపించవు. 52 వారాల్లో సెలవులు, పండుగలు, ఒంట్లో బాగోని రోజులు కలిపి 6 వారాలు తీసేస్తే 46. వారానికి 45 గంటల చొప్పున 2,070 గంటలు. ఎలాగూ 60 గంటలు పనిచేస్తున్నాం కదా అని 60 వేయొద్దు. ఆ పై గంటలను కూడా ముందే ఖర్చు రాసేస్తే నిజంగా కష్టం వచ్చిన వారంలో తీయడానికి ఏమీ మిగలదు.

ఇందులోంచి తప్పించుకోలేనివి తీసేయాలి. ఒక నమూనా ఇస్తున్నాను, మీ అంకెలు వేసుకోండి. బోర్డు మీటింగులు ఏడాదికి 4. ఒక్కోదానికి కాగితాల తయారీ 16 గంటలు, మీటింగ్ 4, మినిట్స్, తర్వాతి పనులు 4, అంటే మొత్తం 96. మీకు నేరుగా రిపోర్టు చేసే ఐదుగురితో వారానికి ముప్పావు గంట చొప్పున 172. స్టాఫ్ మీటింగ్ వారానికి గంటన్నర, 69. ఆడిట్, వార్షిక నివేదిక కలిపి 60. ఆరుగురు డోనర్లకు రెండేసి రిపోర్టులు, ఒక్కోదాని మీద డైరెక్టర్ కూర్చునేది 10 గంటలు, 120. కొత్త ప్రపోజళ్లు ఆరు, ఒక్కోటి 30 గంటలు, 180. మెయిల్, ఫోన్, సంతకాలు రోజుకు గంటన్నర చొప్పున 230 రోజులకు 345. ఫీల్డ్ నెలకు రెండు రోజులు, రోజుకు 9 గంటలు, 216. ఏడాదిలో రెండు ఖాళీల భర్తీ, ఒక్కోటి 25 గంటలు, 50. అన్నీ కలిపితే 1,308. మిగిలింది 762.

ఆ 762ని చూసి సంబరపడొద్దు. మొత్తంలో 20 శాతం, అంటే 414 గంటలు, చెప్పకుండా వచ్చేవాటికి పక్కన పెట్టాలి. సిబ్బంది ఒకరు మానేయడం, డోనర్ అకస్మాత్తుగా విజిట్‌కు రావడం, ఏదో నోటీసు. తీసేస్తే మిగిలేది 348, వారానికి ఏడున్నర గంటలు. కొత్తగా ఒప్పుకునే ప్రతిదీ, కమిటీ అయినా, ప్యానెల్ అయినా, ఇంకో సంస్థకు సలహా అయినా, ఈ ఏడున్నర గంటల్లోనే ఇమడాలి. వారంలో ఒక్క రోజు కూడా పూర్తిగా లేదన్నమాట. చాలామందికి ఈ అంకె సున్నాకన్నా కిందికి పోతుంది. అలా వస్తే పద్ధతి తప్పని కాదు, ఒప్పుకున్నవి అప్పుడే ఎక్కువయ్యాయని.

20 శాతం ఖాళీ విలాసం కాదా అని బోర్డులో ఎవరో ఒకరు అడుగుతారు. క్యూల గణితంలో దీనికి సూటి జవాబుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, చేసేది ఒకే మనిషైతే, సగటున ఒక పని ఎంతసేపు ఆగాలన్నది ఆ మనిషి ఎంత నిండి ఉన్నారన్న దాన్ని బట్టి పెరుగుతుంది. 80 శాతం నిండి ఉంటే గంట పట్టే పని సగటున 4 గంటలు ఆగుతుంది. 90 శాతానికి 9 గంటలు. 95 శాతానికి 19. 80 నుంచి 95కి వెళ్లినప్పుడు పని దాదాపు 19 శాతమే పెరిగింది, నిరీక్షణ మాత్రం దాదాపు ఐదు రెట్లయింది. డైరెక్టర్ సంతకం కోసం నాలుగు రోజులు ఆగిన ఓచర్లు, జవాబు రాని మెయిళ్లు ఇక్కడి నుంచే వస్తాయి. దాన్ని బద్ధకం అనుకుంటారు కానీ అది లెక్క.

ఇక ఒక పని ఎంత తింటుందన్నది. పని కన్నా దాని తోక పెద్దదని గుర్తుపెట్టుకోండి. ఒక గంట ప్యానెల్ తీసుకోండి. నిర్వాహకులతో ముందస్తు కాల్ ముప్పావు గంట, స్లైడ్లు 3 గంటలు, రానూపోనూ 3, ప్యానెల్ 1, అక్కడ పరిచయమైనవాళ్ల మెయిళ్లు మరో గంట. దాదాపు 9 గంటలు. నెలకోసారి రెండు గంటలు కూర్చునే కమిటీ అయితే, చదవాల్సినవి గంట, మధ్యలో గ్రూపు చర్చలు గంటన్నర. నెలకు నాలుగున్నర, ఏడాదికి 54. పైన చెప్పిన 348లో దాదాపు ఆరో వంతు ఒక్క కమిటీకే పోయింది.

ఈ తోక కూడా కలిపి రాసుకున్నాక 1.6తో గుణించండి. అంచనాలు సాధారణంగా తక్కువ వైపే తప్పుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో బ్యూలర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త, అతని సహచరులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లకు ముగిస్తారని అడిగితే సగటున 33.9 రోజులన్నారు, పట్టింది 55.5. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగితే కూడా 48.6 అనే చెప్పారు. అంటే చెడ్డ అంచనా కూడా చాలలేదు. 1.6 అక్కడి నిష్పత్తే. మీ పనికి అచ్చంగా అదే వర్తించాలని లేదు, మొదలుపెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

నిధుల_డెస్క్

పై లెక్కకు ఒకటి కలుపుతాను. చిన్న సంస్థల్లో భారం పెరిగేది ఎక్కువగా గ్రాంటు ఒప్పందాల దగ్గర. ప్యానెల్ తొమ్మిది గంటలతో పోతుంది, గ్రాంటు రెండు మూడేళ్లు వెంట ఉంటుంది.

ముందు ఒక పరీక్ష. నడుస్తున్న అన్ని ప్రాజెక్టుల బడ్జెట్లూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదాంట్లో డైరెక్టర్ టైమ్ ఎంత శాతం రాశారో ఒక వరుసలో కూడండి. మొత్తం సున్నాకు దగ్గరగా వస్తే, ఆ మనిషి టైమ్‌కు ఏ ప్రాజెక్టూ డబ్బు కట్టడం లేదు. అలాంటప్పుడు ప్రతి ప్రాజెక్టూ ఆయన్ని ఉచితం అనుకుని పిలుస్తుంది. మొత్తం 100 దాటితే ఇంకా ప్రమాదం, ఒకే గంటను ఇద్దరికి అమ్మినట్టు. ఆడిటర్ పట్టుకుంటే సమాధానం ఉండదు. నా దృష్టిలో ప్రాజెక్టులన్నీ కలిపి 50, 60 శాతం దగ్గర ఆగాలి. మిగతాది ఏ ప్రాజెక్టుకూ కట్టుబడని నిధుల్లోంచి రావాలి, ఎందుకంటే బోర్డు పని, నిధుల సేకరణ, కొత్తవాళ్లను తయారుచేయడం లాంటివాటికి ప్రాజెక్టు డబ్బులో సాధారణంగా చోటుండదు.

రెండోది, చిన్న గ్రాంటు అంటే చిన్న పని కాదు. ఏడాది గ్రాంటుకు సంస్థ మొత్తం మీద పట్టే గంటలు ఇలా ఉంటాయి. ప్రపోజల్ 30, సంస్థ పత్రాలు, ఒప్పందం 12, ఖాతాల్లో విడిగా కోడ్లు పెట్టడం 6, చేసిన పనిని వివరించే రెండు కథన రిపోర్టులు 20, మూడు నెలలకోసారి ఖర్చుల పట్టిక నాలుగుసార్లు 24, ఒక విజిట్ 16, ముగింపు ఆడిట్ 12. కలిపి 120. డబ్బు పది రెట్లు పెద్దదైనా ఈ 120 బహుశా 200 అవుతుంది, 1,200 కాదు. కాబట్టి ఈ గంటల ఖర్చును గ్రాంటు మొత్తంతో పోల్చండి. 15 శాతం దాటితే డోనర్‌ను రిపోర్టింగ్ తగ్గించమని అడగాలి. ఒప్పుకోకపోతే వదులుకోవడమే మేలు. ప్రపోజల్ రాయకముందే ఈ లెక్క చేయండి. 30 గంటలు పెట్టి రాశాక వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

బేరమాడే సమయం ఒకటే ఉంటుంది, మంజూరైందని మెయిల్ వచ్చాక, సంతకం పెట్టకముందు. అప్పుడు డోనర్ ప్రోగ్రామ్ ఆఫీసర్ కూడా ఫైలు ముగించాలని చూస్తుంటారు. మూడు నెలల రిపోర్టును ఆరు నెలలకు మార్చమని, వేరే డోనర్‌కు ఇస్తున్న ఫార్మాట్‌నే తీసుకోమని, రిపోర్టు తేదీని ఆడిట్‌కు మూడు వారాల దూరంగా జరపమని అడగండి. ఇలా రాయొచ్చు: "మా ఆడిట్ ఆ నెలలోనే ఉంటుంది. రిపోర్టు తేదీని ఆరు వారాలు వెనక్కి జరిపితే ఆడిట్ అయిన అంకెలే మీకు పంపగలం." డోనర్‌కు కూడా ఇదే లాభం, కాబట్టి తరచూ ఒప్పుకుంటారు. సంతకమయ్యాక అడిగితే ఒప్పందం సవరించాలి, అది వాళ్లకూ తలనొప్పే.

మూడోది గోడ మీద 12 నెలల చార్టు. రిపోర్టు తేదీని చుక్కలా పెట్టకండి, 15 పనిదినాల పట్టీలా గీయండి. ఫీల్డ్ డేటా 15 రోజుల ముందు, ఖాతాల అంకెలు 10 రోజుల ముందు, ముసాయిదా 7, డైరెక్టర్ చదివి దిద్దడం 4, పంపడం ఒక రోజు ముందు. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి పడితే ఎలాగోలా సాగుతుంది. మూడు పడ్డాయంటే అందులో ఒకటి ఈరోజే జరపాలి. ఆలస్యమయ్యే రిపోర్టులు ఎక్కడ చెడతాయో చూస్తే దాదాపు ఎప్పుడూ ఫీల్డ్ డేటా దగ్గరే. ఏ పట్టికలు, ఏ ఫొటోలు, ఎవరి సంతకాలు కావాలో ఫీల్డ్ కో-ఆర్డినేటర్‌కు ఆఖరి వారంలో చెప్తారు. అది ప్రాజెక్టు మొదలైన రోజే చెప్పాల్సిన సంగతి.

కార్యదర్శి_డెస్క్

ఇద్దరికీ ధన్యవాదాలు. శాతాలు కూడే పరీక్ష చాలా పనికొస్తుంది. బోర్డు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఛైర్మన్ గారు, మరో ఇద్దరు ట్రస్టీలు విడివిడిగా ఫోన్ చేసి పనులు చెప్తుంటే డైరెక్టర్ స్థానంలో ఉన్నవాళ్లు ఎవరికని కాదంటారు?

ట్రస్టీ_వైపు_నుంచి

బోర్డులో కూర్చునేవాళ్ల వైపు నుంచి చెప్తాను. డైరెక్టర్ జవాబు చెప్పాల్సింది బోర్డు అనే ఒక సభకు, ఏడుగురు ట్రస్టీలకు విడివిడిగా కాదు. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి తీర్మానంగా రాయించండి. రెండు వాక్యాలు చాలు. సభ్యులెవరైనా సిబ్బందితో చేయించాలనుకునే పని మూడు గంటలు దాటేదైతే ఛైర్మన్ ద్వారా రావాలి. డైరెక్టర్ బయటి సంస్థలకు ఇచ్చే ఏ మాటైనా ఏడాదికి 20 గంటలు దాటేదైతే ఒప్పుకునేముందు ఛైర్మన్‌కు తెలియజేయాలి. రెండో వాక్యం డైరెక్టర్‌ను కట్టడి చేసినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఆయనకు రక్షణ. బయటివాళ్లు ఒత్తిడి చేసినప్పుడు "మా బోర్డు నియమం ప్రకారం అడిగి చెప్పాలి" అనడం అబద్ధం కాదు.

ఛైర్మన్‌తో రెండు వారాలకోసారి అరగంట ఫోన్ పెట్టుకోండి, తేదీలు ముందే ఖాయం చేసి. దానికి ఒక్క పేజీ కాగితం. ఎడమవైపు ఇప్పుడు నడుస్తున్న పెద్ద పనులు, పక్కన మిగిలిన గంటలు, చివర ముగిసే తేదీ. కొత్త పని వచ్చినప్పుడు కాదని అనక్కర్లేదు. కాగితం ముందు పెట్టి, "తప్పకుండా చేద్దామండి. దీనికి 40 గంటలు పడుతుంది. ఈ నెలలో వీటిలో దేన్ని వెనక్కి జరపమంటారు?" అని అడగండి. ఎంచుకునే బాధ్యత పని చెప్పినవాళ్ల మీదికి వెళ్తుంది. నోటితో "చాలా పని ఉందండి" అంటే వినేవాళ్లకు సాకులా ఉంటుంది, కాగితం మీద తేదీలు చూస్తే అలా ఉండదు. చాలా ఛైర్మన్లు నిజంగానే ఏమీ తెలియక అడుగుతారు. వాళ్లకు మూడు నెలలకోసారి కనిపించేది మంచి నివేదిక మాత్రమే, దాని వెనక ఎన్ని గంటలు పోయాయో ఎవరూ చూపించరు.

ఇక పని అప్పగించడం. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, పని ఇచ్చి నిర్ణయం ఇవ్వకపోవడం. ప్రోగ్రామ్ మేనేజర్‌కు శిక్షణ శిబిరం అప్పగిస్తారు, కానీ హాలు అద్దె నుంచి బ్యానర్ మీద అక్షరాల దాకా అన్నీ మళ్లీ డైరెక్టర్ దగ్గరికే వస్తాయి. 10 గంటలు ఆదా అవుతాయనుకున్న చోట 6 గంటలు ప్రశ్నలకే పోతాయి. అప్పగించేటప్పుడే మూడు రకాలుగా విడదీసి రాసివ్వండి: అడగకుండా మీరే తేల్చేవి, తేల్చాక నాకు చెప్పాల్సినవి, రెండు మార్గాలతో నా దగ్గరికి తేవాల్సినవి. దానితోపాటు ఎంత మొత్తం వరకు సొంతంగా ఖర్చు చేయొచ్చో అంకె ఉండాలి. అంకె లేని అధికారం మొదటి బిల్లు దగ్గరే ఆగిపోతుంది.

ఏడాదిలో ఒకసారి డైరెక్టర్ వరుసగా రెండు వారాలు సెలవు తీసుకునేలా బోర్డే పట్టుబట్టాలి. ఏయే పనులు ఆగాయో చూస్తే ఎక్కడెక్కడ అంతా ఒక్క మనిషి మీదే నిలబడి ఉందో బయటపడుతుంది. ఖాతాలు చూసే ఉద్యోగుల చేత బ్యాంకులు ఇలా తప్పనిసరిగా సెలవు తీయించేది లెక్కల్లో తేడాలు బయటపడటానికి. సంస్థలకు ఆ లాభం కూడా కలిసొస్తుంది.

ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని) జబ్బుల కింద రాయలేదు, పనిచోటుకు సంబంధించిన పరిస్థితిగా రాసింది. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పనితనం పడిపోవడం, ఈ మూడూ అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలపు పని ఒత్తిడి నుంచి వస్తాయని. పనిచోటును అదుపు చేసే అధికారం బోర్డుది. కాబట్టి డైరెక్టర్ అలిసిపోతే "యోగా చేయండి" అని సలహా ఇచ్చి ఊరుకునే హక్కు బోర్డుకు లేదు.

మాట_మర్యాద

మూడో, నాలుగో ప్రశ్నలకు నా వంతు.

కాదనడానికి ఒకే నియమం: అడిగిన గదిలో ఒప్పుకోవద్దు. ఎంత చిన్నదైనా "ఎల్లుండి సాయంత్రంలోగా చెప్తాను" అనండి, చెప్పిన గడువుకే చెప్పండి. గంటలు చూసుకోవడానికి ఆ రెండు రోజులు. "చూద్దాం లెండి, వీలైతే తప్పకుండా" అని వదిలేయడం అన్నిటికన్నా చేటు. అవతలివాళ్లు ఆ రాత్రే బ్రోషర్‌లో పేరు వేస్తారు, తర్వాత తప్పుకుంటే మాట తప్పినట్టవుతుంది. ముందే కాదంటే ఒక్క రోజు బాధపడేవారు.

కాదనే మెయిల్ నాలుగైదు వాక్యాలు దాటకూడదు. కారణాలు ఎన్ని రాస్తే అవతలివాళ్లు అన్నిటికి పరిష్కారం చూపిస్తారు. నమూనా ఇది:

"నమస్కారం అండి. మీ కమిటీలో చేరమని అడిగినందుకు కృతజ్ఞతలు. వచ్చే మార్చి వరకు మా సంస్థ పనులకే నా సమయం సరిపోతుంది కాబట్టి ఈసారి చేరలేను. మీ ముసాయిదా సిద్ధమయ్యాక పంపితే ఒకసారి చదివి రెండు పేజీల్లోపు వ్యాఖ్యలు రాసిస్తాను. ఈ విషయం మీద మా ప్రోగ్రామ్ మేనేజర్‌కు నాకన్నా ఎక్కువ పట్టు ఉంది, ఆమెకు ఇష్టమైతే పరిచయం చేస్తాను."

ఇందులో గమనించాల్సినవి: తేదీ ఉంది, "చేరలేను" అనే మాట సూటిగా ఉంది, ఇచ్చే సాయానికి హద్దు ఉంది. ఆ హద్దు లేకపోతే ముసాయిదా చదవడమే ఇంకో కమిటీ అవుతుంది. ప్రోగ్రామ్ మేనేజర్ పేరు రాసేముందు ఆమెను అడగాలి, ఆమె గంటలు కూడా గంటలే. పైవాళ్లు కాదనలేనివన్నీ కిందివాళ్ల మీద పడేయడం చాలా సంస్థల్లో కనిపిస్తుంది. భారం తగ్గలేదు, కనిపించకుండా పోయిందంతే.

ఇప్పటికే ఒప్పుకున్నవాటికి ముందు జాబితా రాయండి, జ్ఞాపకం మీద ఆధారపడకుండా. గత మూడు నెలల క్యాలెండర్, పంపిన మెయిళ్లు, వాట్సాప్ గ్రూపులు, మూడూ తిరగేస్తే మరిచిపోయిన మాటలు బోలెడు దొరుకుతాయి. తర్వాత మూడు కుప్పలు చేయండి. చట్టపరంగా, ఒప్పందంపరంగా కట్టుబడినవి ఒకటి. మనుషులకు ఇచ్చిన మాటలు రెండోది. అలవాటుగా నడుస్తున్నవి మూడోది. మొదట కోయాల్సింది మూడో కుప్పలో. ఎవరూ చదవని నెలవారీ న్యూస్‌లెటర్, ఎప్పుడో మొదలైన ఉమ్మడి సమావేశం లాంటివి. ఒక నెల ఆపి చూడండి, ఎవరూ అడగకపోతే అది ముగిసినట్టే.

రెండో కుప్పలో జాగ్రత్త కావాలి. బయటపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు చెప్పండి, చివరి తేదీ రాయండి, మీ చేతిలో ఉన్న ఒక్క భాగం పూర్తిచేసి ఇవ్వండి, కాగితాలు ఎవరికి అందించారో రాతలో పెట్టండి. ఫోన్ ఎత్తడం మానేసి, మీటింగులకు రావడం తగ్గించి మెల్లగా జారుకోవడం మాత్రం వద్దు. ఆ సంస్థ మీ స్థానంలో ఇంకొకరిని పెట్టుకోలేదు, మిమ్మల్ని నమ్ముకోనూ లేదు.

ఈ కుప్పలోనే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పని ఎక్కువైనప్పుడు ముందుగా ఆగిపోయేది రిమైండర్ పంపనివాళ్ల పని. డోనర్ మెయిల్ చేస్తారు, ఛైర్మన్ ఫోన్ చేస్తారు, నెట్‌వర్క్ వాళ్లు గ్రూపులో పేరు పెట్టి పిలుస్తారు. వితంతు పింఛను దరఖాస్తుకు సాయం చేస్తామని మాటిచ్చిన మనిషి మాత్రం రెండుసార్లు ఆఫీసు దాకా వచ్చి, డైరెక్టర్ లేరంటే తిరిగి వెళ్లిపోతుంది. ఫీల్డ్ వర్కర్ అడిగిన సెలవు మంజూరు అలాగే పడి ఉంటుంది. కాబట్టి కోసేటప్పుడు ఎవరు ఎంత గట్టిగా అడుగుతున్నారని చూడకండి. మాట తప్పితే ఎవరికి ఎక్కువ నష్టమో ప్రతి పనికి ఎదురుగా ఒక గడిలో రాయండి. జాబితాను ఆ గడి ప్రకారం పేర్చితే వరుస మొత్తం మారిపోతుంది. కోతలు కింది నుంచి మొదలుపెట్టండి.

క్యాలెండర్_పని

వారం అమరిక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. ప్రపోజల్ రాయడం, బడ్జెట్ చూడడం లాంటివాటికి వారంలో రెండుసార్లు మూడేసి గంటల గడి, ఫోన్ సైలెంట్‌లో. మీటింగులన్నీ రెండు రోజుల్లోకి. గంట మీటింగ్ 50 నిమిషాలకే ముగించి, ఆ పది నిమిషాల్లో ఎవరేం చేయాలో అక్కడే రాసేయాలి. సగంలో ఆపిన పని నుంచి ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని, కొత్త పని నాణ్యత తగ్గుతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. మధ్యలో ఆపక తప్పకపోతే, ఎక్కడ ఆపారో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక వాక్యం రాసి లేవండి. ఓచర్లు, చెక్కుల సంతకాలు రోజుకోసారి ఒకే వేళకు. అకౌంటెంట్‌కు ఆ వేళ తెలిసి ఉంటే రోజంతా తలుపు కొట్టరు.

షెల్టర్_రోటా

క్యాలెండర్_పని గారూ, మీరు చెప్పింది శిక్షణ, పరిశోధన చేసే సంస్థలకు బాగుంటుంది. షెల్టర్, హెల్ప్‌లైన్, పిల్లల రక్షణ లాంటి పనుల్లో ఆ మూడు గంటల గడి నిలవదు. గడి పెట్టుకున్న రోజే పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, రెండు వారాలకు ఆ గడిని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ గడి కన్నా ముందు డ్యూటీ రోటా కావాలి. ఆ రోజు అత్యవసరం ఎవరిదో ఒకే పేరు, ఆ పేరుకు వెనక ఇంకో పేరు. డైరెక్టర్ ఆ రోటాలో వారానికి ఒక్క రోజుకు మించి ఉండకూడదు. మిగతా రోజుల్లో డైరెక్టర్‌ను ఏయే సందర్భాల్లోనే పిలవాలో రాసి ఆఫీసు గోడకు అంటించాలి: ప్రాణాపాయం, పిల్లలు కనిపించకుండా పోవడం, సిబ్బంది మీద ఫిర్యాదు, పత్రికలవాళ్లు రావడం. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు మర్నాడు మధ్యాహ్నం వరకు సెలవు కూడా రోటాలోనే గీయాలి, లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. పైన చెప్పిన 20 శాతం ఖాళీ కూడా ఇలాంటి సంస్థలకు చాలదు. 30, 35 శాతం పెట్టుకోవాలి.

గంటల_లెక్క

షెల్టర్_రోటా గారి మాటతో ఏకీభవిస్తాను. నా నమూనాలో 35 శాతం పెడితే పక్కన పెట్టాల్సినవి 724 గంటలు, కొత్తవాటికి మిగిలేది ఏడాది మొత్తానికి 38. అంటే ఒక్క కమిటీకి కూడా చోటు లేదు. ఆ రకం సంస్థల డైరెక్టర్లు బయటి కమిటీలకు వెళ్లాలంటే ముందు ప్రపోజళ్లలో ఒకటో రెండో తగ్గించుకోవాలి.

కార్యదర్శి_డెస్క్

చాలా స్పష్టంగా ఉందండి. చివరిగా ఒక సందేహం. ఆ 1.6ని ఎన్నాళ్లు వాడాలి? పాత రిపోర్టుల మీద ఎన్ని గంటలు పోయాయో ఎక్కడా రాసి లేని సంస్థలో సొంత అంకె ఎలా వస్తుంది?

గంటల_లెక్క

టైమ్‌షీట్లు అక్కర్లేదు. ఒకే రకం పనులు ఐదారు పూర్తయ్యేదాకా, ఒక్కోదానికి ముందు అనుకున్న గంటలు, తర్వాత పట్టిన గంటలు ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. అరగంటకు సరిచేసి రాసినా చాలు. డోనర్ రిపోర్టులు విడిగా, ప్రపోజళ్లు విడిగా, కమిటీలు విడిగా పెట్టండి, ఎందుకంటే అవి వేర్వేరుగా తప్పుతాయి. పాత డోనర్‌కు రాసే రిపోర్టు 1.2 దగ్గర ఆగొచ్చు. కొత్త డోనర్ మొదటి ప్రపోజల్ రెండు దాటొచ్చు. పట్టినదాన్ని అనుకున్నదానితో భాగించి, వచ్చిన ఐదారు అంకెల్లో మధ్యదాన్ని తీసుకోండి. సగటు తీస్తే ఒక్క చెడ్డ ప్రపోజల్ మొత్తాన్ని లాగేస్తుంది. ఒక రకానికి మీ అంకె వచ్చాక ఆ రకానికి 1.6 మానేయండి. మనిషి మారినా, డోనర్ ఫార్మాట్ మారినా మళ్లీ 1.6 నుంచే మొదలుపెట్టండి.